జీపు ముట్టకముందు

నర్సీపట్నం,
20 జూన్ 1996.

బావా,

నువ్వూ మా చెల్లెమ్మ సీతాలూ ఆ గుజరాత్ వెరావల్‌లో కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం. మీ చెల్లెలు దుర్గకు నన్ను తిట్టే ఓపిక ఏమాత్రం తగ్గలేదు కాబట్టి ఆమె ఆరోగ్యం గురించి నువ్వు బెంగపెట్టుకోనక్కర్లేదు.

సంగతేమిటంటే, మన జీపుకు పూనకం పట్టింది. ఉగాది వెళ్ళాక మొదలైంది. మంచి రోడ్డు మీద బుద్ధిగానే వెళ్తుంది. కాస్త వేగంలో ఉండగా ముందు చక్రం ఒక గోతిలో పడిందా, ఇక స్టీరింగ్ రెండు వైపులా టపటపా కొట్టుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే భుజాల దాకా లాగుతుంది. బాగా స్లో చేస్తే గానీ ఊరుకోదు. తెల్లారి నక్కపల్లి అవతల మన రేవులో చేపల తట్టలు ఎత్తుకుని, అమ్ముకునే ఆడవాళ్ళను ఎక్కించుకుని, కృష్ణదేవిపేటకో చింతపల్లి సంతకో చేరేసరికి నా చేతులు నావి కాకుండా పోతున్నాయి.

మొన్న అప్పయ్యమ్మత్త వెనక సీట్లోంచి అరిచింది. "ఒరే పైడిబాబూ! జీపు ఒణుకుతుందేట్రా, నువ్వొణుకుతున్నావేట్రా?" అంది. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

బావా, ఒకటి ఆలోచించాను. ఈ జీపు అమ్మేద్దామనుకుంటున్నాను. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు దగ్గరుండి కొనిపించిన బండి, నీకు చెప్పకుండా అమ్మడం బాగుండదు. మిలిటరీ వాళ్ళు వాడి వదిలేసినది కదా, పాతబడింది. ఘాట్ రోడ్డూ పాడైంది. ఆడవాళ్ళతో రోజూ సీట్ల తగువు. బజారులో చిన్న కొట్టు పెట్టుకుంటే నీడపట్టున ఉండొచ్చు. తునిలో ఒకాయన జీపు అడుగుతున్నాడు. నీ మాట ఏమిటో రాయి.

రాత గజిబిజిగా ఉంది, ఏమీ అనుకోకు. ఇప్పుడే సంత నుంచి దిగాను.

ఇట్లు,
పైడిబాబు


వెరావల్,
11 జూలై 1996.

బావకు,

కొట్టు పెట్టుకుంటావా? నువ్వా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క చోట కూర్చుని ఉప్పూ పప్పూ తూచడానికి నీకు కాళ్ళు నిలుస్తాయా? సముద్రం వద్దని జీపెక్కావు. ఇప్పుడు జీపూ వద్దంటే ఇక మిగిలింది విమానమే. ఆ తుని పెద్దమనిషికి నా నమస్కారాలు చెప్పి పంపించెయ్యి.

నీ ఉత్తరం చదవడానికి నేనూ సీతాలూ ఒక పూటంతా కూర్చున్నాం. ఇసకలో పీత పరిగెత్తినట్టుంది నీ రాత. స్కూల్లో నీ దస్తూరీ చూపించి, "చూడు, రాత అంటే ఇలా ఉండాలి" అని మాస్టారు నన్ను కొట్టేవారు, గుర్తుందా? ఇప్పుడు ఆయన్నే పిలుచుకొచ్చి నిన్ను కొట్టించాలి.

సరే, జీపు దగ్గరికి వద్దాం. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు ఒకదాని మీద అనుమానం. ముందు యాక్సిల్ దగ్గర అడ్డంగా పడుకుని, స్టీరింగ్ రాడ్డుకు తగిలించి, ఒక సన్నటి షాకబ్జర్ ఉంటుంది. స్టీరింగ్ డాంపర్ అంటారు. చక్రం గోతిలో పడి కొట్టుకోబోతే దాన్ని పట్టి ఆపడమే దాని పని. లోపల నూనె కారిపోయిందంటే అదొక ఖాళీ గొట్టం. అప్పుడు చక్రాన్ని పట్టి ఆపేదెవరు? నీ చేతులు. భుజాలు లాగక ఏం చేస్తాయి?

జీపు కింద దూరి చూడు. దాని మీద నూనె కారి మట్టి పట్టి ఉంటే పోయినట్టే. విప్పి చేత్తో లాగి, నొక్కి చూడు. మంచిదైతే బరువుగా, రెండు వైపులా ఒక్కలాగే కదులుతుంది. పోయినదైతే పాడైన సైకిల్ పంపులా జారిపోతుంది. కొత్తది వేసేముందు ఇంకొకటి చెయ్యాలి. దుర్గను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమను. నువ్వు కింద పడుకుని రాడ్ల కొసల్లో ఎక్కడైనా లూజుందేమో చూడు. ఉంటే ముందు అది మార్చు. డాంపర్ లూజును కనబడకుండా చేస్తుందే గానీ పోగొట్టదు.

జోగులు మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళు. నాకు పని నేర్పింది ఆయనే. కోపం ఎక్కువ, కాబట్టి ముందు టీ ఇప్పించి తర్వాత మాట్లాడు.

ఇక్కడ వాన రోజుల్లో బోట్లన్నీ ఒడ్డెక్కేస్తాయి. ఇంజన్లన్నీ విప్పి తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఉంటాను.

రాజాబాబు


నర్సీపట్నం,
9 సెప్టెంబరు 1996.

అన్నయ్యకు దుర్గ రాసేది.

నేను రాస్తున్నట్టు ఆయనకు తెలీదు. దీన్ని పోస్టులో కూడా నేనే వేస్తాను. ఆయనకు జవాబు ఎలా రాస్తావో నీ ఇష్టం.

నువ్వు చెప్పినట్టే చేశారు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి ఆయన కింద పడుకున్నారు. రాడ్డు కొస ఒకటి లూజైందని మార్పించారు. డాంపర్ చూస్తే మీద వేలెడు మందాన మట్టి, లోపల చుక్క నూనె లేదు. జోగులు మేస్త్రి విప్పి, "ఇదెలాగ సచ్చిందిరా? దీని రాడ్డంతా తుప్పే!" అన్నాడు. అలాంటిది నర్సీపట్నంలో దొరకలేదు. అనకాపల్లికి మనిషిని పంపితే అక్కడా లేదన్నారు. మేస్త్రి తన షెడ్డులో ఉన్నదేదో తెచ్చి, కొలత సరిపోయిందని వేసేశాడు. ఊళ్ళో తిప్పి చూస్తే బాగానే ఉంది. కొట్టుకోవడం తగ్గింది. ఆయన ఆ పూట ఈల కూడా వేశారు.

తర్వాత చింతపల్లి సంతకు నేనూ వెళ్ళాను, ఎండు చేపలు అమ్మాలని. దిగేటప్పుడు ఘాట్‌లో ఒక కుడి మలుపు దగ్గర జీపు తిరగలేదు. ఆయన తిప్పుతూనే ఉన్నారు, అది మొరాయించి ఆలస్యంగా తిరుగుతోంది. ఎడం పక్కంతా లోయ. నా పక్కన కూర్చున్న రాజులమ్మ "ఓలమ్మో, సచ్చిపోనామర్రా!" అని నా మెడ పట్టేసుకుంది. బంపరు పిట్టగోడకు రాసుకుని ఆగింది. బంపరుకు కట్టిన ఖాళీ తట్టలు లోయలోకి పోయాయి. దేవుడి దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. ఆడవాళ్ళం దిగిపోయి నడిచాం. ఆయన మా వెనకాలే మనిషి నడకన జీపు దింపుకొచ్చారు.

ఆ రోజు నుంచి జీపు ముట్టలేదు. మీద టార్పాలిన్ కప్పేశారు.

అన్నయ్యా, ఆయన నీకు రాయనిది ఒకటుంది. ఈ మధ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. నేను చూడట్లేదనుకుని చెయ్యి చాపి వేళ్ళకేసి చూసుకుంటున్నారు. ఏమిటని అడిగితే కసిరారు. తర్వాత అన్నం తింటూ తింటూ కంచం ముందు నుంచి లేవకుండా ఆయనే చెప్పారు. "మా అయ్యకొచ్చిందే నాకూ వచ్చీసింది దుర్గా. ఎనకాల కూకున్నోళ్ళని లోయలో తోసీడానికి నాకేటి అదికారం?" అన్నారు.

మావయ్యగారి సంగతి నీకు తెలుసు. పడవ నడిపించడంలో రేవు మొత్తానికి లక్ష్ముడంత తండేలు లేడనేవారు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక పడవ వాళ్ళెవరూ ఆయనతో ఒక్క మాట అనలేదు. ఒక తెల్లారి ఆయన వచ్చేలోగానే పడవ తోసుకుని వెళ్ళిపోయారు. మావయ్యగారు చుట్ట చేత్తో పట్టుకుని ఇసకలో అలా నిలబడిపోయారట, పడవ కనబడనంత దూరం పోయేదాకా. ఈయన పక్కనే ఉన్నారు. ఆ తర్వాత ఈయన కూడా సముద్రం మీదకి వెళ్ళలేదు.

నువ్వు సరదాకి రాశావు, పీత పరిగెత్తినట్టుందని. అది చదివిన పూట ఆయన అన్నం తినలేదు. నీకు తెలీదు కదా, నువ్వేం చేస్తావు. అప్పట్నుంచి కలం కూడా ముట్టుకోలేదు.

దీపావళికి వచ్చి జీపు తీసుకెళ్తానని తుని ఆయన మాట తీసుకున్నాడు. బండి పోతే పోయింది, కలో గంజో తాగుతాం. కానీ ఈ మనిషి ఇలా ముడుచుకుపోతే నేను చూడలేను. నాకు భయంగా ఉంది అన్నయ్యా. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

నీ చెల్లెలు
దుర్గ


వెరావల్,
26 సెప్టెంబరు 1996.

బావా,

దుర్గ రాసింది. దాన్ని ఏమైనా అన్నావంటే రైలెక్కి వచ్చి మరీ నీ పని పడతాను. నీ రాత మీద నేనాడిన వేళాకోళానికి నన్ను ఎంత తిట్టాలో అంతా తిట్టుకో.

ఇప్పుడు నేనడిగేదానికి ఆలోచించి జవాబు చెప్పు. మేస్త్రి కొత్త సామాను వేశాక, స్టీరింగ్ ఎడం వైపు తేలిగ్గా, కుడి వైపు బరువుగా తిరిగిందా లేదా? తిరిగే ఉంటుంది. మేస్త్రి వేసింది డాంపర్ కాదు, ఏ కారుదో వెనక చక్రం షాకబ్జర్. అది నొక్కితే తేలిగ్గా లోపలికి పోతుంది, లాగితే మొండికేస్తుంది. చక్రం పక్కన అలాగే ఉండాలి. స్టీరింగ్‌కు అలా పనికిరాదు, రెండు వైపులా ఒకే బరువుండాలి. చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, కొలతా కలుస్తుంది. తొందరలో ఉంటే నేనైనా అదే వేసేవాణ్ణేమో.

బావా, రోగం వచ్చిన చెయ్యి ఎటు తిప్పినా వణుకుతుంది. కుడి మలుపు చూసి మొండికెయ్యదు. ఆ రోజు నువ్వు జీపును లోయలోకి తీసుకెళ్ళలేదు. లోయలోకి పోతున్నదాన్ని పట్టుకుని ఆపావు.

ఇక వణుకు మాట. గంటల తరబడి ఆ కుదుపును పట్టుకుంటే ఎవరి చెయ్యైనా వణుకుతుంది. పెద్ద ఇంజన్ బోల్టులు విప్పి వచ్చిన రోజు నా చొక్కా గుండీలు నేను తీసుకోలేను, సీతాలు తీస్తుంది. అయినా నేను డాక్టర్ని కాను. నీకు ఏమీ లేదని ఒట్టేసి చెప్పలేను. కానీ లక్ష్ముడు మావ చేతులు నాకు బాగా గుర్తు. వాటికి పడవతో పని లేదు. నిద్ర లేచి చుట్ట వెలిగించుకోబోతేనే అగ్గిపుల్ల చుట్టకు తగిలేది కాదు.

అందుకని నా మాట విను. పొద్దున్న లేచి, జీపు ముట్టకముందు, నాకో ఉత్తరం రాయి. నీ చేత్తో నువ్వే రాయాలి. ఎలా వస్తే అలా పంపించు, చింపెయ్యకు. చూసి ఉన్నదున్నట్టు చెప్తాను. పొద్దున్న కూడా వణికిందంటే డాక్టరు దగ్గరికి వెళ్దువుగాని, జీపు నేనే దగ్గరుండి అమ్మించేస్తాను.

అసలైన డాంపర్ రాజ్‌కోట్ నుంచి తెప్పించాను. ఇక్కడ బోటు మీద పనిచేసే మన అప్పలకొండ దసరాకి ఇంటికి వస్తున్నాడు, అతనిచేత పంపుతున్నాను. పాయకరావుపేటలో అత్తవారింట్లో దిగుతాడు, వెళ్ళి తెచ్చుకో. బిగించేముందు దాన్ని నిలువుగా పట్టుకుని కొన్నిసార్లు పూర్తిగా లాగి నొక్కు, లోపలి గాలి పోతుంది. బిగించాక చక్రాలు ఎడమకు మొత్తం, కుడికి మొత్తం తిప్పి చూడు, రాడ్డు ఎక్కడా పట్టెయ్యకూడదు.

డాంపర్ రాడ్డు తుప్పు పట్టిందని దుర్గ రాసినప్పట్నుంచీ ఎలాగా అని ఆలోచిస్తున్నాను. నిన్న తట్టింది, నవ్వొచ్చింది. తట్టలు లోపల పెడితే నీచు వాసనని సంత జనం గోల చేస్తారు, అందుకని ముందు బంపరుకు కట్టడం మన రేవు జీపులన్నిటికీ అలవాటు. ఐసు కరిగి ఆ ఉప్పు నీళ్ళు ఎక్కడ పడతాయి? సరిగ్గా డాంపర్ నెత్తిన. ఉప్పుకు రాడ్డు తుప్పు పట్టింది, తుప్పు రబ్బరు సీలును కోసేసింది, నూనె కారిపోయింది. ఏళ్ళ తరబడి మనమే దానికి ఉప్పునీళ్ళు పట్టించి చంపాం. తట్టల్ని అక్కణ్ణుంచి తీసెయ్యి, లేకపోతే ఇదీ అంతే.

ఉత్తరం కోసం చూస్తుంటాను. పొద్దుటి ఉత్తరం.

రాజాబాబు


నర్సీపట్నం,
31 అక్టోబరు 1996. పొద్దున్న.

బావా,

మొహం కడుక్కుని నేరుగా వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. టీ కూడా తాగలేదు. దుర్గ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

నీ ఉత్తరం చదివి ముందు దుర్గ మీద కోపం వచ్చింది, తర్వాత నీ మీద వచ్చింది. దసరాకే డాంపర్ తెచ్చుకున్నాను గానీ గోనెగుడ్డ విప్పకుండా మంచం కిందకి తోసేశాను. ఎందుకో నీకు చెప్పాలి. కలం పట్టుకోవడానికి నాకు భయం బావా. పొద్దున్న కూడా వణికితే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. రాయకపోతే, రోగం కాదేమోనని కొంత అనుమానమైనా మిగులుతుంది. ఆ అనుమానం పట్టుకునే ఇన్నాళ్ళూ బతికాను.

తుని ఆయన వచ్చే వారం వస్తానని కబురు పెట్టాడు. ఇక ఈ రోజు రాయకపోతే ఎప్పుడూ రాయను.

రాస్తున్నాను. నీ పేరు రాశాను. దుర్గ పేరు రాశాను. లక్ష్ముడు. ఇది మా అయ్య పేరు. మళ్ళీ రాస్తున్నాను, లక్ష్ముడు. బావా, చూస్తున్నావా? వంపులన్నీ ఎక్కడివి అక్కడ ఉన్నాయి. ఇది నా రాతే. మాస్టారు నీకు చూపించి కొట్టిన దస్తూరీ ఇదే.

ఇక్కడ కొంచెం తడిసి అలికింది. టీ ఇంకా తాగలేదని ముందే రాశాను.

ఆదివారం సాయంత్రం.

మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఆ పొద్దున్నే టార్పాలిన్ తీసి, గోనెగుడ్డ మూట పక్క సీట్లో పెట్టుకుని, మనిషి నడకన జీపును జోగులు మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళాను. నువ్వు చెప్పినట్టు ముందు టీ ఇప్పించాను. నీ ఉత్తరంలో ఉన్నది చదివి వినిపించేసరికి ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"గుజరాత్‌లో కూకుని నాకు పాటాలు సెప్తాడేటి ఆ గుంటడు? నా సేతి కింద స్పానర్లు తుడిసినోడు!" అని కేకలేశాడు.

"సెప్తే సెప్పాడు గానీ, రెండూ ఓపాలి లాగి సూడు మేస్త్రీ" అన్నాను.

తను వేసినదాన్ని విప్పి ఒక చేత్తో, నువ్వు పంపినది ఇంకో చేత్తో లాగి చూశాడు. నొక్కి చూశాడు. మళ్ళీ లాగాడు. తర్వాత, "ఇంకో టీ సెప్పరా" అన్నాడు. అది తాగి లుంగీ ఎగ్గట్టి తనే జీపు కింద దూరాడు, నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. నిలువుగా పట్టుకుని లాగి నొక్కడం, చక్రాలు అటూ ఇటూ మొత్తం తిప్పడం, అన్నీ నువ్వు రాసినట్టే చేశాడు. నీ పేరు మాత్రం ఎత్తలేదు.

తర్వాత నన్ను నడపమని పక్కన కూర్చున్నాడు. రోజూ గోతులు తప్పించుకు తిరిగేవాణ్ణి, ఆ రోజు నక్కపల్లి రోడ్డు మీద గోతుల కోసం వెతుక్కుంటూ వెళ్ళాను. మొదటి గోతిలో చక్రం పడింది. స్టీరింగ్ చిన్నగా ఒకసారి అదిరి ఊరుకుంది. "ఇంకోటి ఎయ్యి" అన్నాడు మేస్త్రి. వేశాను. ఊరుకుంది. ఇద్దరం చిన్నపిల్లల్లా రోడ్డు పొడుగునా గోతులన్నిట్లో పడ్డాం. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు తాగి ఉన్నామనుకుని బూతులు తిట్టాడు.

ఈ రోజు ఒట్టి జీపుతో ఘాట్ ఎక్కి దిగాను. ఎవరినీ ఎక్కించుకోనన్నాను. దుర్గ మాత్రం వినకుండా ఎక్కి కూర్చుంది. ఆ మలుపు దగ్గర పిట్టగోడ మీద మన బంపరు గీత ఇంకా ఉంది. కుడికి తిప్పాను. తిరిగింది బావా. ఎంత తిప్పానో అంతే తిరిగింది. దుర్గ నా మోకాలి మీద చెయ్యి వేసి కింద దాకా అలాగే ఉంచింది.

తుని ఆయనకు జీపు లేదని కబురు పంపాను, నాలుగు మాటలు అన్నాడట. తట్టల దగ్గరే పెద్ద రభస అయింది. బంపరుకు కట్టొద్దంటే అప్పయ్యమ్మత్త, "అయితే నెత్తినెట్టుకుని కూకోమంటావేట్రా?" అని లేచింది. చివరికి వెనక రేకు ట్రే ఒకటి కొట్టించి, నీళ్ళు పక్కకి పోయేలా గొట్టం పెట్టించాను. నిన్న రేవు నుంచి ఊరిదాకా తట్టలు తెస్తే, ఆ గొట్టం నీళ్ళు వెనకొచ్చే సైకిళ్ళ వాళ్ళ మీద పడ్డాయని ఇప్పుడు వాళ్ళు తిడుతున్నారు.

పొద్దుటి రాతా, ఘాట్ దిగి వచ్చిన ఈ రాతా పక్కపక్కన పెట్టి చూడు.

నీ
పైడిబాబు


వెరావల్,
16 నవంబరు 1996.

బావా,

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. సాయంత్రంది కొంచెం వాలింది, పొద్దుటిది అచ్చేసినట్టుంది. సీతాలు దాన్ని గోడకు అంటిస్తానంటే వద్దన్నాను, తడిసిన చోటు నలుగురూ చూడ్డం దేనికని.

ఒక మాట ఇయ్యి. ఏటా దీపావళి వెళ్ళాక ఆ డాంపర్ విప్పి లాగి చూడు. ఆ రోజే, జీపు ముట్టకముందు, నాకో ఉత్తరం రాయి. రెండూ ఒకసారే చూసుకున్నట్టుంటుంది. అనుమానంతో ఒంటరిగా కూర్చునే పని ఇక పెట్టుకోకు.

మేస్త్రి నా పేరు ఎత్తలేదన్నావు. ఆయన మెచ్చుకునే పద్ధతే అది.

రాజాబాబు


నర్సీపట్నం,
18 నవంబరు 2001.

బావా,

ఈ ఏటి రాత ఇదిగో. పొద్దున్నే రాశాను. బాగానే ఉంది, కళ్ళే కొంచెం మసకేస్తున్నాయి. డాంపర్ కూడా బాగుంది. ఈసారి రబ్బరు బుష్షులు మాత్రం మార్చాను.

మీ చెల్లెలు జీపు నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఎందుకే అంటే, "నీకు జొరమొస్తే సేపలు కుళ్ళిపోవాలేటి?" అంది. నేర్పుతున్నాను. గేరు పడనప్పుడల్లా జీపును కాకుండా నన్ను తిడుతోంది. అయినా చెయ్యి మంచిది, మలుపు దగ్గర తొందరపడదు. రాజులమ్మ మాత్రం దుర్గ నడిపితే దేవుడి పటం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది.

పైడిబాబు


నర్సీపట్నం,
9 నవంబరు 2008.

బావా,

ఫోన్లో చెప్పొచ్చు. కానీ చెయ్యి ఫోన్లో కనబడదు కదా, అందుకని రాస్తున్నాను.

పొద్దున్న లేచి రాస్తున్నాను. జీపు ముట్టలేదు. వారం రోజులుగా స్టీరింగే పట్టలేదు. డాంపర్ విప్పి చూశాను, రెండు వైపులా ఒకే బరువు. రాడ్ల కొసల్లో లూజు లేదు. టైర్లు చూపించాను, చక్రాల బేరింగులు చూపించాను. జీపులో వెతకాల్సిన చోట్లన్నీ వెతికాను బావా.

ఈసారి జీపు కాదు.

కాగితం చూస్తే నీకే తెలుస్తుంది. ఈ ముక్క రాయడానికి ఇంతసేపు పట్టింది. విశాఖపట్నంలో డాక్టరుకు చూపించుకున్నాను. ప్రాణానికి భయం లేదన్నాడు, మందులతో తగ్గుతుంది గానీ పోదన్నాడు. మా అయ్య సంగతి చెప్తే తల ఊపాడు.

అప్పుడు లేని రోగానికి అంత భయపడ్డాను. ఇప్పుడు ఉన్న రోగానికి అంత భయం వెయ్యట్లేదు. బాధ ఉంది, లేదనను. నిన్న జీపు తుడుస్తూ ఏడ్చాను. కానీ ఆ ఏడాది నేను భయపడి అమ్మేసి ఉంటే, ఈ పన్నెండేళ్ళ ఘాట్ రోడ్డు నాది అయ్యేది కాదు. అది మాత్రం ఎవరూ తీసుకోలేరు.

వారం కిందట రేవులో ఆడవాళ్ళందరినీ జీపు దగ్గరికి పిలిచాను. వాళ్ళ ముందు చెయ్యి చాపి చూపించాను. అప్పయ్యమ్మత్త బాగా ముసలిదైపోయింది, ఇప్పుడు తట్ట ఎత్తదు, ఊరికే వచ్చి కూర్చుంటుంది. "అత్తా, ఎప్పుడో అడిగావు గుర్తుందేటి, జీపొణుకుతుందా, నువ్వొణుకుతున్నావా అని. ఈపాలి నానే" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అప్పయ్యమ్మత్త నా చెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుని, "ఒణికితే ఒణికింది, మా పేనాలు మోసిన సెయ్యి" అంది.

దుర్గకు తాళం ఇచ్చాను. అది తీసుకోడానికి కాసేపు చెయ్యి చాపలేదు. తర్వాత చీర కొంగు బొడ్లో దోపి ఎక్కింది.

మా అయ్యను ఇసకలో వదిలేసి పడవ వెళ్ళిపోయింది. ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ వదిలెయ్యలేదు బావా. నేనే దిగి, అటు తిరిగి వెళ్ళి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాను. అందరం కలిసే సంతకు వెళ్ళాం.

పైడిబాబు


వెరావల్,
20 నవంబరు 2008.

బావా,

పీత పరిగెత్తినట్టే ఉంది. ప్రతి అక్షరం చదివాను, సీతాలు సాయం కూడా అడగలేదు.

వచ్చే ఏడూ రాయి. ఏ పూట రాసినా సరే.

రాజాబాబు